కుక్క పేరు మీద చెప్పుకున్న జబ్బు

పోయిన వారం సుధారాణిని కద్మాలోని జంతువుల క్లినిక్ వరండాలో వదిలి వచ్చాం. ఒళ్లో పాత ఫైలు, పక్కన బెంచీ మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టిన బుల్లోడు.

బుల్లోడు తొమ్మిదేళ్ల లాసా జాతి కుక్క. నాలుగు నెలలుగా పొద్దున తిన్నదాన్ని సాయంత్రానికి తిన్నది తిన్నట్టే కక్కేస్తున్నాడు. ఎనిమిది కిలోల పైన ఉండేవాడు ఐదున్నరకి దిగాడు. పొట్టలోంచి పేగులోకి తిండి దిగే ద్వారం దగ్గర కండా, లోపలి పొరా దళసరెక్కి దారి దాదాపు మూసుకుపోయిందని డాక్టర్ బెట్సీ స్కానింగు తీసి, గొంతులోంచి కెమెరా గొట్టం దింపి చూసి చెప్పింది. మందులతో అయ్యేది కాదు, ఆపరేషన్ చేసి ఆ దారి వెడల్పు చేయాలి. అయితే పొట్ట బారుగా కోయనక్కర్లేదు, మూడు చిన్న రంధ్రాల్లోంచి లాపరోస్కోపీతో చేస్తానంది. సుధారాణి ఒప్పుకుంది. ఆమె కొడుకు అమర్ ఒప్పుకోలేదు. రెండున్నరేళ్ల కిందట అతని తండ్రి సత్యప్రసాద్‌కి సరిగ్గా అక్కడే, పొట్ట ద్వారం దగ్గరే, కేన్సర్ బయటపడింది. కోసి చూసి, ఇంకేమీ చేయలేమని కుట్టేశారు. ఆ తర్వాత అతను ఆరు వారాలే ఉన్నాడు. బుల్లోడు అతను పెంచిన కుక్క.

మంగళవారం పొద్దున ఆపరేషన్‌కి ముందు, క్లినిక్‌లో పనిచేసే దేవి బుల్లోడి పాత ఫైలు వెతికి తీసి సుధారాణి చేతికిచ్చింది. లోపలికి పిలిచినప్పుడు డాక్టరమ్మకి ఇమ్మంది. ఊరికే కూర్చోలేక సుధారాణి దాన్ని తిరగేసింది. 2022 జూన్ 14 అని తేదీ ఉన్న పేజీలో బెట్సీ దస్తూరీ కనిపించింది. పొద్దున తిన్నది సాయంత్రం వాంతి. అరగకుండా వస్తోంది. రెండు నెలల నుంచి.

ఆమె చూపు అక్కడే ఆగిపోయింది. ఫైలు మూసి, లేచి, పిలవకముందే డాక్టరు గది తలుపు తోసింది.

*

బెట్సీ చేతులు కడుక్కుంటోంది. అద్దంలో సుధారాణి ముఖం చూసి కుళాయి కట్టేసింది.

"ఇదేటి డాక్టరమ్మా?"

ఫైలు తెరిచి బల్ల మీద పెట్టి వేలు ఆనించింది సుధారాణి. అగ్రికో కాలనీలో బడిపిల్లలకి ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. తప్పు లెక్క మీద వేలు పెట్టడం ఆమెకి అలవాటు.

"మూడేళ్ల కిందటే దీనికి ఈ రోగముంది. మీ చేత్తో మీరే రాసినారు. అప్పుడేటి చేసినారు మీరు? ఒక్క మందు పేరు లేదిక్కడ. ఒక్క సూది లేదు. ఇప్పుడు మాత్రం నాలుగు నెలల జబ్బు, కండ పెరిగిపోయింది, కోసీయాలి అంటన్నారు. అప్పుడే చూసుంటే ఇంతదాకా వచ్చునా?"

బెట్సీ ఆ పేజీ వైపు చూసింది. చదవలేదు. చదవాల్సిన అవసరం లేదు. ఆ పేజీలో ఏముందో మూడేళ్లుగా ఆమెకి కంఠతా వచ్చు. ఎప్పుడో ఒకరోజు ఇది ఎవరైనా తన ముందు పెడతారని తెలుసు. ఆపరేషన్ బల్ల మీదికి ఆ కుక్కనే ఎక్కించబోతున్న రోజున పెడతారని మాత్రం అనుకోలేదు.

"కూర్చోండి టీచరు గారూ."

"నాకు కూర్చోబుద్ధి కాట్లేదు. జవాబు చెప్పండి."

"ఆ కింద లైన్లు చదివారా?"

"ఏటుంది కింద?"

"చదవండి. పైకి చదవండి."

సుధారాణి ఒక్క క్షణం ఆమె వైపు అనుమానంగా చూసింది. తర్వాత కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. ఆ ఇంగ్లీషు గొలుసుకట్టు రాతని ఒక్కొక్క ముక్కే తెలుగులోకి మార్చుకుంటూ, తరగతిలో ప్రశ్న చదివినట్టు చదివింది.

"ఆకలేస్తుంది. కానీ రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంది. తేన్పులు, కుళ్లిన గుడ్డు వాసన. ఎడం పక్కకి తిరిగి పడుకుంటే నిద్ర పట్టదు. బరువు తగ్గడం…"

ఆగింది. కాగితం కొంచెం దగ్గరికి తీసుకుంది.

"బరువు తగ్గడం, రెండు నెలల్లో పదకొండు కిలోలు."

సుధారాణి కళ్లు పేజీ పైభాగానికి వెళ్లాయి. అక్కడ దేవి పెద్ద పెద్ద అంకెలతో ఆ రోజు తూచిన బరువు వేసింది. ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు.

"ఎనిమిది కిలోల కుక్క పదకొండు కిలోలు ఎలగ తగ్గుద్ది?" అంది.

బెట్సీని అడిగినట్టే మొదలుపెట్టింది. చివరి మాట దగ్గరికొచ్చేసరికి ఆ గొంతు అడుగుతున్న గొంతులా లేదు. వెనక్కి చెయ్యి చాపి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

*

"ఆరోజు బుల్లోడికి ఏమీ లేదు," అంది బెట్సీ. "నేను పొట్ట నొక్కి చూశాను, మెత్తగా ఉంది. అంతకుముందు కంటే మూడొందల గ్రాములు పెరిగాడు కూడా. నేను చూస్తుండగానే నా డ్రాయరు దగ్గరికొచ్చి బిస్కెట్ అడిగాడు. మీవారు మాత్రం జబ్బు చెప్తూనే ఉన్నారు. నేను రాసుకుంటూ పోయాను. యజమాని చెప్పింది ముందు రాసుకోవడం మా పద్ధతి. పదకొండు కిలోలు అన్నాక కలం ఆగింది. తలెత్తి చూశాను."

అప్పుడు కనిపించాడు అతను. అంతవరకూ బెట్సీ కుక్కనే చూస్తోంది కాబట్టి మనిషిని చూడలేదు. ఆదిత్యపూర్ ఫ్యాక్టరీ యూనిఫారం అతని భుజాల మీద వేరే ఎవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది. బెల్టుకి మేకుతో కొత్తగా పొడిచిన చిల్లులు మూడు. కుక్కని ఒళ్లో పెట్టుకుని దాని చెవులు సవరిస్తున్నాడు. డాక్టరు కళ్లల్లోకి చూడటం లేదు.

"నేను అడిగాను. సత్యప్రసాద్ గారూ, ఇది బుల్లోడి సంగతేనా అని. ఆయన, రాయడం ఆపకండి మేడమ్, అన్నారు."

సుధారాణి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింటోంది.

"మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు కదా అన్నాను. దానికి ఆయన…" బెట్సీ ఒకసారి ఊపిరి తీసుకుంది. "అక్కడికెళ్తే నా పేరు రాస్తారు మేడమ్, ఒకసారి పేరు రాసీసినాక ఇంక అది నాదైపోద్ది, అన్నారు. బుల్లోడి పేరు మీద అయితే చెప్పగలిగాను అన్నారు."

"ఏడ్చినాడా?"

"లేదు."

"ఏడవడు," అంది సుధారాణి. ఆ మాట అనడానికి ఆమెకి కష్టం కాలేదు. తర్వాతి మాటకే పెదవి వంకర పోయింది. "మీరేటన్నారు?"

"ఇది నా కుక్కయితే ఈ వారంలోనే గొంతులోంచి కెమెరా దింపే స్కోపు చేయిస్తాను, ఒక్కరోజు కూడా ఆగను అన్నాను. చూడండి, అడుగున అదే రాశాను. ఒక డాక్టరు పేరు చీటీ మీద రాసిచ్చాను. ఆయన చీటీ తీసుకున్నారు. ఇంట్లో ఇప్పుడే ఎవరికీ చెప్పకండి, పరీక్ష చేయించుకుని నేనే చెప్తాను అన్నారు. నేను సరే అన్నాను."

"సరే అన్నారు."

"అన్నాను."

"జూన్‌లో సరే అన్నారు. ఆయన పోయింది మార్చిలో. తొమ్మిది నెలలు." సుధారాణి లేచింది. ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బెట్సీకి ఇంత భయం వేసేది కాదు. "మధ్యలో నవంబరులో కద్మా బజార్లో నన్ను చూసినారు మీరు. కూరగాయల దగ్గర. గుర్తుందా? అందరూ బాగున్నారా అని అడిగినారు. నేనేటన్నాను?"

"ఆయనకి గ్యాస్, అంతే అన్నారు."

"మరి మీరేటన్నారు?"

"జాగ్రత్త అన్నాను."

"జాగ్రత్త!" అంది సుధారాణి. "ఆరోజు సాయంత్రం ఇంటికెళ్లి ఆయనకి వాము నీళ్లు కాచి ఇచ్చినాను డాక్టరమ్మా. వాము నీళ్లు! మీకు తెలుసు. ఆయనకి తెలుసు. ఈ నోరులేని జీవానికీ తెలిసే ఉంటాది, ఆయన కక్కినప్పుడల్లా బాత్రూము తలుపు దగ్గర కూచునేది. నాకొక్కదానికి తెలీదు. మంచం పక్కన పడుకున్నదాన్ని నాకే తెలీదు."

బెట్సీ దగ్గర దీనికి సమాధానాలు లేకపోలేదు. అతను తన రోగి కాదు. మనిషి జబ్బు గురించి మాట్లాడే హక్కు పశువైద్యురాలికి లేదు. ఒకరు రహస్యమని చెప్పింది ఇంకొకరికి చెప్పడం ఏ వైద్యంలోనూ తప్పే. ఇవన్నీ మూడేళ్లుగా తనకి తాను చెప్పుకుంటూనే ఉంది. ఆదివారం చర్చిలో తన తండ్రి పౌల్‌రాజు పక్కన మోకరించినప్పుడు కూడా ఇవే చెప్పుకుంది. అక్కడ అవి నిలబడలేదు.

"ఆయన మాట దాటకూడదనుకున్నాను," అంది. "అది నిజమే. కానీ బజార్లో మీకెందుకు చెప్పలేదంటే అందుకు కాదు. చెప్పాక మీ ముఖం చూడాలి కదా. దానికి భయపడ్డాను. అంతే. క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు."

సుధారాణి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. బయట రోడ్డు మీద స్కూలు వ్యాను ఒకటి ఆగి పిల్లల్ని ఎక్కించుకుని కదిలింది. ఆమె భుజాలు ఒకటి రెండుసార్లు అదిరాయి. బెట్సీ ఆమె దగ్గరికి వెళ్లలేదు. వెళ్లే హక్కు తనకి లేదనుకుంది.

తలుపు తట్టి డాక్టర్ శివశంకర్ తొంగి చూశాడు. ఈ ఆపరేషన్‌కి మత్తు ఇవ్వడం కోసమే రాంచీ నుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చాడు. గదిలో పరిస్థితి అర్థమై గొంతు తగ్గించాడు.

"రెండు రోజుల సెలైనుతో రక్తంలో లవణాలు దారికొచ్చాయి మేడమ్. పొటాషియం బాగుంది. ఈ పూట చేస్తేనే మంచిది. వాంతులు మళ్లీ మొదలైతే మొదటికొస్తాం."

బెట్సీ అతన్ని ఒక నిమిషం ఆగమని సైగ చేసి సుధారాణి వైపు తిరిగింది.

"నా చేతి మీద మీకు నమ్మకం పోతే నేనేమీ అనుకోను. కలకత్తాలో ఇది చేసే మంచి సర్జన్ ఉన్నాడు. ఇప్పుడే ఫోన్ చేస్తాను, రాత్రి రైలుకి తీసుకెళ్లండి. కానీ ఇంకో వారం ఆగుదాం అని మాత్రం అనకండి. ఈసారి నోరు మూసుకోను టీచరు గారూ. వీడు ఇంకో వారం ఆగలేడు."

సుధారాణి తిరగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా, వేరే ఎవరికో చెబుతున్నట్టు అంది.

"ఆయన్ని కోసినప్పుడు నన్ను బయట బెంచీ మీద కూచోబెట్టినారు. నాలుగ్గంటలు పడతాది అన్నారు. ముప్పావుగంటకే ఒకాయన వచ్చి, మూసేసినాం అమ్మా అని చెప్పీసి వెళ్లిపోనాడు. లోపలేటుందో నేను చూడ్నేదు. ఏది చూసి మూసేసినారో నాకు ఇప్పటికీ తెలీదు." అప్పుడు ఇటు తిరిగింది. "ఈరోజు నేను చూడాలి. మొదట్నుంచి చివరిదాకా చూడాలి. మీరు చూపిత్తానంటే చెయ్యండి."

"చూపిస్తాను," అంది బెట్సీ.

*

అమర్ వచ్చేసరికి బుల్లోడి పొట్ట మీద బొచ్చు గీసేశారు. ఆదిత్యపూర్‌లో రాత్రి షిఫ్టు ముగించుకుని, యూనిఫారంతోనే మోటారు సైకిల్ మీద ఖర్కాయి నది వంతెన దాటి వచ్చాడు. ఇరవై ఐదేళ్లు. తండ్రి పనిచేసిన ఫ్యాక్టరీలోనే పని. అద్దాల గది అవతల బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టిన కుక్కని చూడగానే ముఖం పాలిపోయింది.

"మా, ఘర్ చలో. ఇసే చీర్‌నే మత్ దో," అన్నాడు. ఇంటికి పోదాం పద, వీణ్ణి కోయనివ్వకు అని.

"కొయ్యరు. మూడు కన్నాలు పెడతారు. కూచో."

"పాపా కో భీ యహీ బోలా థా."

నాన్నకీ ఇలాగే చెప్పారు అని. సుధారాణి కొడుకు మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. అద్దానికి ఇవతల, వాళ్లిద్దరికీ కనబడేలా దేవి ఒక టీవీ తెర తిప్పి పెట్టింది. కెమెరా లోపల ఏం చూస్తే ఆ తెర మీద అదే కనబడుతుంది. రెండు గదుల మధ్య తలుపు పైన చిన్న స్పీకరు ఉంది. బెట్సీ మాట వాళ్లకి వినబడుతుంది.

"బొడ్డు దగ్గర మొదటి రంధ్రం. మీ చిటికెన వేలంత," అంది బెట్సీ. "ముందు గ్యాస్ ఎక్కిస్తాం. పొట్ట గోడ పైకి లేస్తే లోపల చోటు దొరుకుతుంది."

బుల్లోడి పొట్ట నెమ్మదిగా ఉబ్బింది. అమర్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. యంత్రం టిక్ టిక్‌మంటూ గుండె లెక్క చెబుతోంది. నూట పది. నూట ఐదు. తొంభై.

ఆ తర్వాత ఆ శబ్దాల మధ్య ఎడం పెరిగింది.

"డెబ్బై. యాభై ఐదు," అన్నాడు శివశంకర్. "గ్యాస్ ఆపండి. మొత్తం వదిలెయ్యండి మేడమ్."

బెట్సీ వెంటనే మీట తిప్పింది. బుస్సుమని గాలి పోయింది. పొట్ట చదునైపోయింది. శివశంకర్ సూది మందు ఎక్కించి కుక్క తొడ లోపల వేళ్లు పెట్టి నాడి చూస్తున్నాడు. యంత్రం మీద అంకె నలభై దగ్గర నిలబడింది. మళ్లీ ఒక టిక్. చాలాసేపటికి ఇంకొకటి.

అద్దం ఇవతల అమర్ లేచి నిలబడ్డాడు. "మైనే బోలా థా నా! మైనే బోలా థా!" అని అరుస్తున్నాడు, ముందే చెప్పాను కదా అని. సుధారాణి కదల్లేదు. కొడుకు మణికట్టు వదల్లేదు. ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందని దేవి అనుకుంది. దగ్గరికెళ్లి వింటే, ఆమె యంత్రం మోతకి అంకెలు లెక్కపెడుతోంది.

నలభై. నలభై ఎనిమిది. అరవై.

"వస్తున్నాడు," అన్నాడు శివశంకర్. "తొంభై రెండు. బాగున్నాడు."

బెట్సీ అద్దంలోంచి సుధారాణిని చూసింది. "పొట్ట సాగినప్పుడు కొందరికి గుండె వేగం పడిపోతుంది. మందిచ్చాం. ఈసారి తక్కువ గ్యాస్‌తో, ఇంకా నెమ్మదిగా వెళ్తాను. వెళ్లనా?"

నీ కుక్కని కోయనా వద్దా అని కాదు ఆ ప్రశ్న. నన్ను నమ్ముతున్నారా అని; అది సుధారాణికి తెలిసింది. తల ఊపింది.

రెండోసారి గుండె దారి తప్పలేదు. కెమెరా లోపలికి వెళ్లింది. తెర మీద ముందు ఎర్రటి మసక, తర్వాత ఒక్కసారిగా తేటగా లోకం. తడిగా మెరుస్తున్న గులాబీ రంగు పొట్ట. దాని పక్కన ముదురు రంగులో నున్నటి కాలేయం.

"ఇదిగో, ముందు కాలేయం చూస్తున్నాను," అంది బెట్సీ. కెమెరా ఒక్కొక్క భాగం కిందకీ దూరి బయటికొచ్చింది. "ఇక్కడ మచ్చలు, గడ్డలు ఉంటే భయపడాలి. చూశారా? ఏమీ లేదు. ఇటు కూడా లేదు. ఈ లింఫు గ్రంథులు మామూలుగానే ఉన్నాయి."

సుధారాణి తెరకి దగ్గరగా వంగింది. భర్త కడుపులో ఎవరో ఏదో చూసి మూసేసిన చోటు ఇలా ఉండేదన్నమాట. అతని కాలేయం ఇలా నున్నగా లేదు కాబోలు. ఎవరూ ఆమెకి చూపించలేదు. ఇప్పుడు ఒక కుక్క కడుపులో ఆమె ఆ చోటు చూస్తోంది. కళ్లు ఆర్పకుండా చూసింది.

"ఇదే ఆ ద్వారం." సన్నటి పరికరం కొస పొట్ట చివర ఒక తెల్లటి ముడి మీద తట్టింది. రబ్బరు బిరడాలా గట్టిగా ఉంది. "దీన్ని పొడుగునా తెరిచి, లోపల పెరిగిన పొర కత్తిరించి, పొట్ట గోడలోంచే ఒక నాలుక లాంటి ముక్కని దాంట్లోకి లాగి కుడతాను. ఇరుకు దారి వెడల్పవుతుంది."

ఆ కుట్లు ఒక్కొక్కటీ పడటానికి గంటన్నర పట్టింది. రెండు సన్నటి కడ్డీల కొసల్లో వంకర సూది తిరగడం, దారం ముడిపడటం, బిగియడం. అమర్ కూడా ఎప్పుడు కూర్చున్నాడో కూర్చుని చూస్తున్నాడు. లేత్ యంత్రం మీద పనిచేసేవాడు. చేతి నేర్పు అంటే ఏమిటో అతనికి తెలుసు. ఒకసారి ముడి జారి మళ్లీ పడినప్పుడు అతని వేళ్లు తెలియకుండానే గాలిలో కదిలాయి.

చివర్లో గొంతు గొట్టంలోంచి పొట్టలోకి సెలైన్ వదిలి, కుట్ల దగ్గర ఎక్కడైనా చెమ్మ కారుతుందేమోనని చూశారు. కారలేదు. నీళ్లు కొత్త దారిలోంచి పేగులోకి దిగిపోవడం తెర మీద కనిపించింది. పేగు మెల్లగా ఉబ్బి, అలలాగా కదిలింది.

"దిగింది," అంది సుధారాణి. ఆ రోజంతటిలో మొదటిసారి ఆమె గొంతులో ఊపిరి ఆడింది.

*

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక బుల్లోడు కళ్లు తెరిచాడు. వెనక గదిలో దుప్పటి మీద, పొట్టకి మూడు చిన్న పట్టీలతో పడుకుని ఉన్నాడు. సుధారాణి వేలు వాసన చూసి, తోక కొస ఒకసారి ఆడించి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

బెట్సీ టోపీ తీసి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "కత్తిరించిన పొర పరీక్షకి పంపాను. పది రోజులు పడుతుంది. కంటికి చెడ్డదిలా లేదు. కానీ కాగితం వచ్చేదాకా నేను మాటివ్వను."

సుధారాణి తల ఊపింది. క్షమించానని అనలేదు. క్షమించనని కూడా అనలేదు. "మీరు తిన్నారా?" అని మాత్రం అడిగింది. బెట్సీ తినలేదని చెప్పింది. ఇద్దరూ కాసేపు కుక్క ఊపిరి చూస్తూ ఉన్నారు.

అమర్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. అతని వైపు తిరిగి సుధారాణి పొద్దున తెలిసిందంతా చెప్పింది. తండ్రి ఇక్కడికి వచ్చిన సంగతి, కుక్క జబ్బుగా తన జబ్బు చెప్పుకున్న సంగతి, పదకొండు కిలోలు. అమర్ ఆశ్చర్యపోలేదు. తల వంచుకుని విన్నాడు. ఆమె అది గమనించే స్థితిలో లేదు.

"వీడికి చూడు, టైముకి తెచ్చినాం, తెరిచినారు, కుట్టినారు, నీళ్లు దిగినాయి," అంది. "మీ నాన్న కూడా ఆ వారంలో స్కోపు చేయించుకోనుంటే… డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఎళ్లలేదు. ఎందుకెళ్లలేదో. భయపడిపోనాడు. ఇంత మొండిమనిషి, భయపడిపోనాడు."

"వెళ్లాడమ్మా."

సుధారాణి చెయ్యి కుక్క తల మీద ఆగిపోయింది.

"చేయించుకున్నాడు," అన్నాడు అమర్. "నేనే తీసుకెళ్లాను బండి మీద. ఇక్కడ చీటీ ఇచ్చిన నాలుగోరోజే. నీకు ఓవర్‌టైం అని చెప్పాం."

బెట్సీ గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేసింది.

"పది రోజులకి రిపోర్టు వచ్చింది. అది తెచ్చుకుని బయటికొచ్చి బండి తీస్తున్నాం. అప్పుడు ఫోనొచ్చింది. నీ స్కూల్ నుంచి." అమర్ మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు బోర్డు దగ్గర పడిపోయావని."

సుధారాణికి ఆ రోజు కళ్ల ముందుకొచ్చింది. ఏడో తరగతి. చేతిలో సుద్దముక్క. తర్వాత అంబులెన్సు, గుండె వాల్వు పాడైందన్న మాట, కలకత్తాలో ఆపరేషన్, మూడు వారాలు ఆస్పత్రి. మంచం పక్క కుర్చీలో రోజురోజుకీ చిక్కిపోతున్న భర్త. నా మీద బెంగతో చిక్కిపోతున్నాడనుకుంది అప్పుడు. ఇంటికి పంపుతూ డాక్టరు అతనితోనే చెప్పాడు, ఆరు నెలలు ఈవిడకి ఏ దిగులూ తెలియనివ్వకండి అని. ఆ మాట ఆమె చెవులారా విన్నదే.

"నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు," అన్నాడు అమర్. "ముందు మీ అమ్మని లేచి తిరగనీ, తర్వాత నా సంగతి చూద్దాం అన్నాడు. నేను గొడవ పెట్టాను. రోజూ గొడవ పెట్టానమ్మా. వినలేదు."

"రిపోర్టులో ఏటుంది?"

"అమ్మా, వద్దు."

"ఏటుంది అమర్?" ఆమె లేచి నిలబడింది. గుండె మీద చెయ్యి వేసుకుంది. బెట్సీ గబుక్కున దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "ఆ రోజే కోసుంటే మీ నాన్న బతికేవోడా?"

అమర్ తల్లి ముఖంలోకి చూశాడు. మూడేళ్లుగా ఒక్కడే మోస్తున్న మాట అతని నోటి దాకా వచ్చింది.